ముసలమ్మకి ఊపిరాడలేదు

అత్తగారి పన్ను పీకాల్సిన రోజున పళ్ళ డాక్టరు మామూలుకన్నా పెందలాడే లేచాడు. పెరటి షెడ్డులో సగంలో ఉన్న మెట్టుపీటకి ముందు అంచులు నున్నగా రుద్దాలి, ఆ తర్వాత స్నానం, పదింటికి అత్తగారు. ఆవిడ పొట్టి మనిషి. "అంత ఎత్తు కుర్చీ నేనెక్కలేను బాబూ" అన్నది ఆవిడ తాజా అభ్యంతరం. అంతకుముందు మందుల వాసన పడదంటే కిటికీలు తెరిపించాడు. దీపం కళ్ళలో గుచ్చుకుంటుందంటే నల్లకళ్ళద్దాలు కొనిపెట్టాడు. ఇక మెట్టుపీట కూడా వేసేస్తే ఆవిడకి సాకులు మిగలవు.

ఇది నవ్వులాట వ్యవహారం కాదు. దవడ ఇప్పటికే రెండుసార్లు వాచి తగ్గింది. ఆవిడ మెత్తనివే మింగుతూ, మనిషి సగమైంది. వీధి వీధంతా నమ్మకంగా ఆయన చేతికి నోరప్పగిస్తుంటే, సొంత అత్తగారు మాత్రం ఆయన కనబడగానే పెదవులు బిగించేది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆయన రచ్చ ఎప్పుడో గెలిచాడు, ఇంట్లోనే గుమ్మం దాటలేకపోయాడు.

వడ్రంగం ఆయన సరదా. క్లినిక్కుకీ షెడ్డుకీ మధ్య ఉన్నది ఒక్క పల్చటి చెక్కపలకల గోడే కాబట్టి, ఆయన సరదాకి భార్య ఒకే ఒక్క షరతు పెట్టింది. దుమ్ము ఇటు రాకూడదు. అందుకని రంపపు పొట్టునీ దుమ్మునీ ఎక్కడికక్కడ పీల్చేసే పాత యంత్రమొకటి కొన్నాడు. మీట నొక్కగానే అది కాసేపు దగ్గి, కాసేపు సణిగి, ఆపైన రోజంతా కిమ్మనకుండా పనిచేసేది. అది చూసి ఆయన దానికి 'ముసలమ్మ' అని పేరు పెట్టాడు. భార్య కూడా అలాగే పిలిచేది.

ఆ ఉదయం ముసలమ్మ దగ్గింది, సణిగింది, హోరున తిరిగింది. పీల్చడం మాత్రం లేదు. గొట్టం ముందు గుప్పెడు పొట్టు పోస్తే పోసింది పోసినట్టే ఉంది. ఆయన భార్యని కేక వేశాడు.

రోగం ఏదైనా బయటినుంచి లోపలికి పరీక్షించుకుంటూ పోవాలన్నది ఆయన సిద్ధాంతం. ముందు పొట్టు నిండే సంచీ చూశాడు. అది మెడదాకా నిండిపోయింది. ఫిల్టరుకి దుమ్ము అట్టలు కట్టింది. గొట్టం అతుకుల దగ్గర గాలి పోతోంది. ఒక్కదానికి మూడు రోగాలు. వేరే సంచీ తగిలించి, ఫిల్టరు దులిపి, అతుకులు బిగించినా పీల్చలేదు.

"ఎంతసేపని తంటాలు పడతారు? అమ్మ వచ్చే వేళయింది. ఈ ముసలమ్మని రేపు చూసుకుందురుగాని" అంది భార్య.

"వీల్లేదు. ముసలమ్మ సంగతి ఇవాళ తేల్చేయాల్సిందే" అన్నాడు డాక్టరు.

ఆ మాట అన్న సమయానికి అత్తగారు పలక గోడకి అవతల, రోగులు కూర్చునే గదిలో ఉంది. ఆలస్యమయ్యేకొద్దీ మనసు మారిపోతుందన్న భయంతో ముందే వచ్చేసింది. పక్కన వాచిన చెంపకి రుమాలు కట్టుకుని బట్టల కొట్టు యజమాని కూర్చున్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

గోడ అవతల మాటలు సాగుతూనే ఉన్నాయి.

"చెయ్యి పెట్టి చూడు. ఊపిరేమైనా ఉందా?"

"ఎక్కడిదండీ! అస్సలు లేదు."

"అయితే గొంతులోనే ఏదో అడ్డంపడింది. నోరు ఇంకా తెరవాలి. సుత్తి ఇలా ఇయ్యి."

"నెమ్మదండీ, పగిలిపోగలదు!"

"పగిలితే అతికిద్దాం. ముందు ఆ సంచీ మూతి గట్టిగా బిగించి, వెనక దారిన బయటికి ఈడ్చెయ్. పక్కింటివాళ్ళ కంటపడిందో, మళ్ళీ గొడవ."

మొన్న దుమ్ము ఎగిరినందుకు పక్కింటివాళ్ళు నానా మాటలూ అన్నారు. ఆ సంగతి గదిలోవాళ్ళకి ఎలా తెలుస్తుంది? బట్టల కొట్టాయన మెల్లగా లేచి కిటికీలోంచి తొంగి చూశాడు. డాక్టరుగారి భార్య మనిషంత సంచీని రెండు చేతులా పట్టుకుని, అటూ ఇటూ చూస్తూ, పెరట్లోంచి ఈడ్చుకుపోతోంది.

బట్టల కొట్టాయన పంటి నొప్పి ఆ క్షణంలోనే మాయమైంది.

"అమ్మా, పదండి! ప్రాణాలుంటే పళ్ళు కట్టించుకోవచ్చు!" అన్నాడు గొంతు తగ్గించి.

అత్తగారు పక్కనున్న గొడుగు గట్టిగా పట్టుకుంది. కానీ లేవలేదు. "లోపలున్నది నా కూతురండీ. నేనెక్కడికి పోతాను?" అంది.

బట్టల కొట్టాయన వీధిలోకి పరిగెత్తాడు. ఎదురుపడ్డవాళ్ళందరికీ చెప్పాడు, అంబులెన్సుకి ఫోన్ కూడా చేశాడు. చెప్పిన ప్రతిసారీ కథ కాస్త పెరిగింది. నాలుగో మనిషి దగ్గరికి వచ్చేసరికి ముసలమ్మలు ఇద్దరయ్యారు.

షెడ్డులో డాక్టరు మోటారు ప్లగ్గు పీకేసి, నేల మీద బోర్లా పడుకుని, ముసలమ్మ నోట్లోకి భుజం దాకా చెయ్యి దూర్చాడు. లోపల కూడిక గుర్తులా రెండు ఇనప కడ్డీలున్నాయి. వాటి వెనక మెత్తటి ముద్ద ఏదో వేళ్ళకి తగిలింది. ఉత్సాహంగా పిడికిట పట్టి లాగాడు. పిడికిలి కడ్డీల మధ్య ఇరుక్కుపోయింది. ఇంకా లాగాడు. మణికట్టు కలుక్కుమంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది ఆయన పని.

"అమ్మో! అమ్మో!" అన్నాడు డాక్టరు.

సంచీ పారేసి వచ్చిన భార్య ఆయన పక్కన కూలబడింది. "కంగారు పడకండి. ఏమీ నొప్పుండదు. చీమ కుట్టినట్టుంటుందంతే" అంది. పెళ్ళయిన దగ్గర్నించీ ఆయన నోట రోజూ వింటున్న మాటే అది.

"అబద్ధం! ఆ మాట నేను అబద్ధమే చెప్తాను! ప్రాణం పోతోందే!" అని అరిచాడు ఆయన.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని అత్తగారు వచ్చింది. రెండు చేతులా గొడుగు ఎత్తి పట్టుకుంది. ఎవరిని కొట్టాలో తేల్చుకోకుండానే వచ్చినట్టుంది.

"ఆవిడని వదిలిపెట్టండి!" అంది. ఆపైన చుట్టూ చూసింది. శవం లేదు. దుమ్ము కొట్టుకుపోయిన అల్లుడు ఒక ఇనప డబ్బా నోట్లో చెయ్యి పెట్టి, చిన్నపిల్లాడిలా కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నాడు.

"ముసలమ్మేది?"

కూతురు యంత్రాన్ని చూపించింది.

అత్తగారు గొడుగు దించింది. నవ్వలేదు, తిట్టలేదు. అల్లుడి పక్కన మెల్లగా చతికిలబడి, "బాబూ, దేన్నయినా పట్టుకున్నారా?" అని అడిగింది.

"పట్టుకున్నాను. వదిల్తే మళ్ళీ దొరకదు అత్తయ్యా."

"వదిలెయ్యండి. చెయ్యి ముఖ్యం."

ఆయన వదిలాడు. చెయ్యి బయటికొచ్చింది. మణికట్టు అప్పటికే బూరెల్లే పొంగింది. ఆవిడ గొడుగు తిరగేసి, వంపు పిడిని కడ్డీల మధ్యనుంచి దూర్చి రెండుసార్లు తిప్పి లాగింది. చిత్రిక పొట్టు చుట్టుకుని, ఎలుకల గూడులా ఉన్న క్లినిక్ తువ్వాలొకటి ఊడిపడింది.

ఆలోగా పెరడంతా జనంతో నిండిపోయింది. అంబులెన్సు డ్రైవరు స్ట్రెచరుతో సహా గుమ్మంలో నిలబడ్డాడు. ముందు వరసలో బట్టల కొట్టాయన ఉన్నాడు.

"ఆవిడెక్కడ? బయటపెట్టండి!" అన్నాడు.

డాక్టరు లేచి నిలబడ్డాడు. ఎడమ చేత్తో ప్లగ్గు పెట్టి, మీట నొక్కాడు. ముసలమ్మ దగ్గింది, సణిగింది, ఆ తర్వాత ఎన్నాళ్ళ ఆకలో తీర్చుకుంటున్నట్టు గట్టిగా ఒక్క ఊపిరి పీల్చింది. సంజాయిషీ వినడానికి ముందుకు వంగిన బట్టల కొట్టాయన చెంపమీది రుమాలు జారి, గొట్టంలోకి వెళ్ళిపోయింది. జనం ఇంకేమీ అడగలేదు. ఒక్కొక్కరే పనులు గుర్తొచ్చి వెళ్ళిపోయారు.

"ఇవాళ్టికి వదిలేద్దాం అత్తయ్యా. మీరు చాలా హడలిపోయారు" అన్నాడు డాక్టరు తలెత్తకుండా.

"లేదు, ఇవాళే" అంది ఆవిడ. అంచులు గరుకుగానే ఉన్న మెట్టుపీట తనే చంకన పెట్టుకెళ్ళి, దాన్నెక్కి కుర్చీలో కూర్చుంది. "ఇన్నాళ్ళూ నొప్పుండదు నొప్పుండదు అంటుంటే, ఈ మనిషికి నొప్పంటే తెలీదు కాబోలనుకున్నాను. ఇప్పుడు నిజం చెప్పండి. నొప్పుంటుందా?"

"ఉంటుంది. ఓర్చుకోగలిగినంతే ఉంటుంది."

ఆవిడ నోరు తెరిచింది.

ఏళ్ళ తరబడి ఆయన ఎదురుచూసిన క్షణం అది. పళ్ళు పీకే పటకారు అందుకున్నాడు. వాచిన చేతిలో అది నిలవక, టంగుమని కింద పడింది. వంగి తీసుకున్నాడు, మళ్ళీ పడింది. మూడోసారి ఆయన వంగలేదు. మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

ఊళ్ళో ఇంకొక్క పళ్ళ డాక్టరే ఉన్నాడు. ఈయన దగ్గరే పని నేర్చుకుని, ఈయనకి మాటమాత్రమైనా చెప్పకుండా వెనక వీధిలో క్లినిక్ పెట్టుకున్న కుర్రవాడు. ఆ బోర్డు కనబడుతుందని డాక్టరు ఆ వీధిలోంచి వెళ్ళడమే మానేశాడు. అత్తగారు తెరిచిన నోరు మూయకుండా ఆయన్నే చూస్తోంది. ఇప్పుడు మూస్తే మళ్ళీ ఎప్పుడు తెరుస్తుందో ఎవరికీ తెలియదు.

"పదండి, వెనక వీధికి వెళ్దాం" అన్నాడు ఆయన.

అంబులెన్సు డ్రైవరు ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు. "ఎవరో ఒకర్ని ఎక్కించుకోకపోతే నేను జవాబు చెప్పుకోవాలి సార్" అన్నాడు. ఇద్దరూ ఎక్కారు.

గురువుగారు అంబులెన్సులోంచి దిగడం చూసి కుర్ర డాక్టరు నిలువునా బిగుసుకుపోయాడు. డాక్టరు పాత సంగతులేవీ ఎత్తలేదు. "మా అత్తగారు. ఎడమవైపు కింది దవడ. జాగ్రత్తగా చూడవోయ్" అన్నాడంతే. కుర్రవాడి కళ్ళు చెమర్చాయి. మత్తు సూది సిద్ధం చేసుకుంటూ, అలవాటు కొద్దీ, "ఏమీ నొప్పుండదమ్మా" అన్నాడు.

అత్తగారు అల్లుడి వైపు చూసింది.

"ఉంటుంది" అన్నాడు అల్లుడు, తన ఎడమ చెయ్యి ఆవిడ చేతికిస్తూ.

"సరే, కానివ్వండి" అంది ఆవిడ.

ఆవిడ ఎంత ఓర్చుకుందో ఆయన ఎడమ చేతి వేళ్ళకి తెలుసు. పన్ను వచ్చేసింది. దూది అదిమిపెట్టి, గంటసేపు నోరు విప్పొద్దన్నాడు కుర్ర డాక్టరు. గురువుగారి మణికట్టుకీ కట్టు కట్టాడు. కట్టు కట్టిన చేత్తో అల్లుడు, దూది కరిచిపట్టి అత్తగారు మెల్లగా నడుచుకుంటూ ఇల్లు చేరారు. వాళ్ళిద్దరి మధ్యా మాట తేడా రాకుండా సాగిన మొదటి ప్రయాణం అదేనని ఆవిడ కూతురు ఇప్పటికీ అంటుంది.