స్విచ్ ప్రవర్తనపై విచారణ

లోకంలో ప్రతి ప్రాణికీ కూడు, గూడు, ఐపీ అడ్రస్ అని మూడు కనీసావసరాలుంటాయి. మొదటి రెండూ లేకపోయినా మా ఆసుపత్రిలో ఎలాగో నెట్టుకురావచ్చు. మూడోది లేని కంప్యూటర్ మాత్రం ఉన్నా లేనట్టే, అందులో వివరాలున్న మనిషీ లేనట్టే.

ఆ ఉదయం రక్తపరీక్షల గదిలోని కంప్యూటర్‌కి ఐపీ అడ్రస్ రాలేదు. (అది నెట్‌వర్క్‌లో ఆ యంత్రానికి దక్కే నంబరు. అదుంటేనే ఒక యంత్రం మాట ఇంకో యంత్రం వింటుంది. మనుషుల మాట ఎవరు వింటారన్నది వేరే శాఖ చూస్తుంది.) పై అంతస్తులో ఒక పెద్దాయనకి కడుపులో రక్తస్రావం అవుతోంది. ఆయన రక్తం రిపోర్టు థియేటర్లో తెరమీద కనబడితే చాలు, ఆపరేషన్ మొదలుపెడతారు. ఆ రిపోర్టు కింది గది కంప్యూటర్లో నిక్షేపంలా ఉంది.

"అక్కా, కాగితం మీద రాసివ్వవా, నేనే పరిగెత్తుకెళ్లి ఇచ్చొస్తా" అంది ఆయన కూతురు.

"రాసిస్తే నా ఉద్యోగం పోతుందమ్మా. మనది కాగితాల్లేని ఆసుపత్రి" అంది టెక్నీషియన్, గోడమీది షీల్డు చూపిస్తూ. పాపం, పైకి ఫోన్ చేసి కూడా చెప్పింది. తెరమీద కనబడని రక్తాన్ని తాము రక్తంగా గుర్తించలేమని జవాబొచ్చింది.

దాంతో 'స్విచ్ ఐపీ అడ్రస్ కేటాయించడం లేదు' అని ఫిర్యాదు నమోదైంది. (స్విచ్ అంటే తీగలన్నీ వచ్చి చేరే డబ్బా. దాని లైట్లు ఎప్పుడూ బెదురు చూపులు చూస్తుంటాయి కాబట్టి ఏ తప్పు జరిగినా అనుమానం దానిమీదికే పోతుంది.) నెట్‌వర్క్ కమిటీ హుటాహుటిన, అంటే టీలు తాగాక, సమావేశమైంది. మినిట్స్ రాసేవాణ్ని నేనే.

నిబంధనల ప్రకారం మొదటి చికిత్స, స్విచ్‌ని ఆపి మళ్లీ వెయ్యడం. ఆపే అధికారం ఎలక్ట్రికల్ విభాగానిది, వేసే అధికారం ఐటీ విభాగానిది. ఎలక్ట్రికల్ వారు చురుగ్గా వచ్చి ఆపేసి వెళ్లిపోయారు. ఆపినట్టు మెయిల్ వస్తేనే వేస్తామని ఐటీ వారు కూర్చున్నారు. స్విచ్ ఆగిపోయింది కాబట్టి మెయిల్ రాలేదు. చివరికి సూపరింటెండెంట్ గారే కలగజేసుకుని, "తర్వాత చూసుకుందాం, వెయ్యండయ్యా" అని చరిత్రాత్మక నిర్ణయం తీసుకున్నారు. వేశారు. అడ్రస్ రాలేదు.

అప్పుడు స్విచ్‌కి సంజాయిషీ నోటీసు అతికించారు. సంతృప్తికరమైన జవాబు రానందున దాన్ని సస్పెండ్ చేసి కొత్తది పెట్టారు. అదీ ఇవ్వలేదు. రెండూ కూడబలుక్కున్నాయని కమిటీ అభిప్రాయపడింది.

అందరూ వైర్ల బాబాయ్ అని పిలిచే నెట్‌వర్క్ ఇంజనీరు గొంతు సవరించుకున్నాడు. "సార్, అడ్రసులు పంచేది స్విచ్ కాదు, సర్వర్. దాని దగ్గరున్నవి అయిపోయాయి."

"నాకు తెలీదనుకున్నావా?" అన్నారు సూపరింటెండెంట్ గారు. "ఫిర్యాదు స్విచ్ మీద కదా వచ్చింది. సర్వర్ మీద ఎవరన్నా చేశారా?"

"లేదు సార్."

"మరి?"

బాబాయ్ కూర్చున్నాడు. (ఆయనకీ సంగతి పొద్దున్నే తెలుసు. తెలిసింది వెంటనే చెప్పే అలవాటు లేకపోవడం వల్లే ఆయన ఉద్యోగం ఇన్నాళ్లూ చల్లగా ఉంది.)

అవి ఎవరెవరి దగ్గరున్నాయో ఐటీ వారు జాబితా చదివి వినిపించారు. మా దగ్గర అడ్రసుల్ని సీనియారిటీని బట్టి శాశ్వతంగా ఖాయం చేస్తారు. సూపరింటెండెంట్ గారి కంప్యూటర్‌కొకటి, ఫోన్‌కొకటి, చేతి వాచీకొకటి, గదిలో చేపలకి వేళకి మేత వేసే యంత్రానికొకటి. రిటైరైన పెద్దడాక్టర్లకి జీవితాంతం గౌరవార్థం ఇస్తారు. వాళ్లలో ఇద్దరి జీవితం ముగిసినా గౌరవం కొనసాగుతోంది. రోగులకి పనికొచ్చే యంత్రాలు మాత్రం మిగిలినవాటిని పంచుకోవాలి, ఒకటి ఆగితేగాని ఇంకోదానికి దొరకదు.

గుమ్మంలో నిలబడి ఇదంతా విన్న కూతురు లోపలికి వచ్చేసింది. "సార్, మీ కాళ్లు పట్టుకుంటా. ఆ చేపలది ఒక్క అరగంట ఇప్పించండి. పైన మా నాన్న..."

సూపరింటెండెంట్ గారు నొచ్చుకున్నారు. "మూగజీవాలమ్మా అవి. వాటి నోటి దగ్గరి కూడు తీసెయ్యమంటావా?"

కమిటీలో ఒకరిద్దరి కళ్లు చెమర్చాయి. (చేపల గురించి.) నాకు ఒళ్లు మండిపోయింది, కానీ ఆ మంట రాయడానికి అజెండాలో అంశం లేదు.

అడ్రస్ త్యాగం చెయ్యదలచినవారు స్వచ్ఛందంగా ముందుకు రావాలని విజ్ఞప్తి చెయ్యాలన్నారు. 'త్యాగం' అనాలా, 'సర్దుబాటు' అనాలా అన్న చర్చ రసవత్తరంగా సాగుతుండగా బాబాయ్ ఫోన్ మోగింది. కంప్యూటర్‌కి అడ్రస్ వచ్చేసిందట, రిపోర్టు పైకి వెళ్లిపోయిందట. గదంతా చప్పట్లు. కూతురు ఒక్క ఉదుటున మెట్లవైపు పరిగెత్తింది.

"కాస్త గట్టిగా ఉంటే ఏ యంత్రమైనా దారికొస్తుంది" అని సూపరింటెండెంట్ గారు కుర్చీలో వెనక్కి వాలారు.

"ఎవరిది ఖాళీ అయింది బాబాయ్?" అని అడిగాను.

బాబాయ్ ల్యాప్‌టాప్ చూశాడు. పైకి ఫోన్ చేసి కనుక్కున్నాడు.

"పెద్దాయన మంచం పక్కన గుండె కొట్టుకోవడం చూపించే యంత్రం ఉంటుంది కదా, దానిది. ఆయన పోయారట. ఇప్పుడే ఆపేశారు."

ఆ సంగతి మినిట్స్‌లో అనవసరమన్నారు సూపరింటెండెంట్ గారు. చెప్పింది చెప్పినట్టు రాశాను: 'సస్పెన్షన్ కాలంలో స్విచ్ ప్రవర్తన మెరుగుపడినందున, దాన్ని సగౌరవంగా తిరిగి విధుల్లోకి తీసుకోవడమైనది.'