లాండ్రీ ట్రక్కు పెట్రోలు దొంగ

"ఈ షెడ్డులో ఎవరూ కదలకండి. నేరస్థుడు మన మధ్యే ఉన్నాడు. నా మెదడు కూడా ఇక్కడే ఉంది. ఇక వాడు తప్పించుకోవడం కల్ల."

ఈ ప్రకటన చేసిన మనిషి ఎత్తు కోసం ఒక పాత టైరు మీద నిలబడి ఉన్నాడు. కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు తుడవడం ఆయన ఉద్యోగం, నేర పరిశోధన ఆయన ప్రాణం. చేతిలో ఎప్పుడూ గుండ్రటి అద్దం ఉంటుంది కాబట్టి వీధి వీధంతా ఆయన్ని భూతద్దం అని పిలుస్తుంది. ఇంతవరకూ ఆయన పట్టుకున్న దొంగల సంఖ్య సున్నా. పట్టుకున్న అమాయకుల సంఖ్య మాత్రం ఎవరూ లెక్కపెట్టలేదు.

"నేను కదలాలి మరిదీ. పానా అందుకోవాలి," అని ట్రక్కు కింద నుంచి వినిపించింది. ఆవిడ భూతద్దానికి స్వయానా వదిన. ఆ షెడ్డులో మెకానిక్కూ, యజమానురాలూ ఆవిడే.

ట్రక్కు ఒక లాండ్రీది. ఎనిమిది రోజులు రావలసిన పెట్రోలు నెల రోజులుగా నాలుగు రోజులకే అయిపోతోంది. ఎవరో కాజేస్తున్నారని లాండ్రీ యజమాని తేల్చేశాడు. ఎవరో అంటే ఇంకెవరు, ఇరవై రెండేళ్లుగా ఆ బండి నడుపుతున్న, అందరూ బాబాయ్ అని పిలిచే డ్రైవరే. ఐదు గంటలకి కొత్త డ్రైవరు వస్తున్నాడు. ఈలోగా తప్పు బండిదేనని వదిన చూపిస్తే సరేసరి, లేకపోతే బాబాయ్ ఇంటికి పోవలసిందే.

యజమాని కుర్చీలో కూర్చుని గడియారం చూసుకుంటున్నాడు. బాబాయ్ గోడకి ఆనుకుని ఎవరివంకా చూడకుండా నిలబడ్డాడు. ఆయన మొహం చూడలేక వదిన ట్రక్కు కిందే పని సాగిస్తోంది. ఎందుకంటే తప్పు సెన్సరుదేనని గుండెల మీద చెయ్యి వేసుకుని చెప్పి, రెండుసార్లు మార్చింది తనే. మార్చినా పెట్రోలు ఖర్చు తగ్గలేదు. బండిలో లోపం లేదు కాబట్టి మనిషిలోనే ఉందని యజమానికి అనుమానం గట్టిపడింది.

భూతద్దం టైరు దిగి విచారణ మొదలుపెట్టాడు.

"వదినా, అసలా సెన్సరు పనేమిటి?"

"పొగగొట్టంలో కూర్చుని పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూస్తుంది. దాన్నిబట్టి పెట్రోలు ఎక్కువైందో తక్కువైందో ఇంజిను కంప్యూటరుకి చెప్తుంది."

"ఇప్పుడేం చెప్తోంది?"

"ఎక్కువైందంటోంది."

"దీనికి ముందున్నది?"

"అదీ అదే అంది."

"అంతకుముందున్నది?"

"అదీ అంతే."

"ముగ్గురు సాక్షులూ ఒకే మాట చెప్తున్నారంటే, వాళ్లకెవరో నూరిపోశారన్నమాట."

"లేదా నిజం చెప్తున్నారన్నమాట," అంది వదిన. అన్నాక తన మాట తనకే చురుక్కుమంది. ఇన్నాళ్లూ తను చేసింది సాక్షి మాట వినడం మానేసి, సాక్షుల్ని మార్చడమే కదా.

భూతద్దానికి అవేం పట్టలేదు. విప్పేసిన పాత సెన్సర్లు రెండింటినీ పారిపోకుండా ప్లాస్టిక్ కవరులో బంధించి, ముడివేసి, జేబులో పెట్టుకున్నాడు. తరువాత బాబాయ్ దగ్గరికెళ్లి చొక్కా వాసన చూశాడు.

"పెట్రోలు. దొరికిపోయారు బాబాయ్."

"ఆ లెక్కన నన్నూ చూడు," అంది వదిన.

చూశాడు. పెట్రోలే. యజమాని వద్దంటున్నా ఆయన్నీ చూశాడు. అక్కడా పెట్రోలే. చివరికి అనుమానమొచ్చి తన చొక్కా కాలరు వాసన చూసుకుని ఒక్క క్షణం దిగులుపడ్డాడు.

"ముఠా చాలా పెద్దదే," అన్నాడు మెల్లగా.

"బండి పొగ అలా కక్కుతోంది బాబూ. పక్కన నిలబడితే ఎవరికైనా అంటుకుంటుంది," అన్నాడు బాబాయ్. ఆ మధ్యాహ్నం ఆయన నోరు విప్పడం అదే మొదలు.

"పొగని నేనే స్వయంగా ప్రశ్నిస్తాను. ఇంజిను స్టార్ట్ చెయ్యండి."

వదిన బానెట్ ఎత్తి ఉంచి ఇంజిను స్టార్ట్ చేసింది. భూతద్దం వెనక్కెళ్లి, వంగి, అద్దం కంటికి పెట్టుకుని పొగగొట్టంలోకి తొంగిచూశాడు. బండి ఖళ్లున దగ్గింది. ఆయన లేచేసరికి మొహం పెనం అడుగులా ఉంది, కళ్లు తెరుచుకోవడం లేదు. బండి పక్కనే తడుముకుంటూ ముందుదాకా వచ్చి, టైరుకి కాలు తగిలి తూలి, చేతికందినది పట్టుకున్నాడు. అది ఇంజిను మీదున్న వేలెడు లావు రబ్బరు గొట్టం. ఒక చివర ఊడి చేతిలోకి వచ్చేసింది.

వదిన గబగబా ఇంజిను ఆపింది.

"చేతికేదో తడి తగులుతోంది వదినా. రక్తమేనా? దాచకుండా చెప్పండి."

వదిన ఆ తడి వేలితో తీసి వాసన చూసి, అలాగే నిలబడిపోయింది.

"ఈ గొట్టంలో గాలి తప్ప ఇంకేం ఉండకూడదు," అంది. "ఇందులోకి పెట్రోలొచ్చిందంటే, పెట్రోలు ఒత్తిడిని అదుపుచేసే రెగ్యులేటరు లోపలి పొర చిరిగింది. కంప్యూటరు వాకిట్లో పెట్రోలు తగ్గిస్తుంటే, ఇంజిను పెరటి దారిన తాగుతోంది."

యజమాని లేచి వచ్చి గొట్టం చూశాడు. బొట్టు బొట్టుగా కారుతూనే ఉంది.

పక్క వీధి స్పేర్‌పార్టుల కొట్టుకి వదిన తనే పరుగెత్తింది. కొత్త రెగ్యులేటరు బిగించేసరికి ఐదుకి ఇంకా పది నిమిషాలుంది. బండి మొదట్లో రెండు మూడు సార్లు నల్లగా దగ్గి, తరువాత తేటపడింది. మీటరు మీద సెన్సరు అంకె పైకీ కిందికీ ఊగడం మొదలుపెట్టింది. అది అలా ఊగుతుంటేనే ఇంజిను కుదురుగా ఉన్నట్టు. వదినకి ఏడుపు ముంచుకొచ్చింది, సంతోషంతోనే.

యజమాని కొత్త డ్రైవరుకి ఫోను చేసి రావద్దన్నాడు. తాళాలు తీసి బాబాయ్ ముందుకి చాచాడు.

"రేపు పొద్దున్నే లోడుంది," అన్నాడు చూపు తిప్పుకుని.

బాబాయ్ చెయ్యి చాపలేదు. "దొంగ అన్నది ఇస్త్రీ చేసేవాళ్లందరి ముందు కదా సార్. కాదన్నది కూడా వాళ్ల ముందే అనండి. అప్పుడు తీసుకుంటాను."

యజమాని తాళాలు పిడికిట్లో బిగించుకుని బండివైపు నడిచాడు. "పదండి, బండి నేనే నడుపుతాను. మీరు పక్కన కూర్చోండి," అన్నాడు.

కేసు ఛేదించిన మహామేధావి లేకుండా ఆ సభ ఎలా జరుగుతుందని భూతద్దం కూడా వాళ్లిద్దరి మధ్యా ఇరుక్కుని కూర్చున్నాడు. బండి పొగ లేకుండా వీధి మలుపుదాకా వెళ్లి ఆగింది. భూతద్దం దిగాడు. బండి వెళ్లిపోయింది. ఆయన నల్లటి మొహంతో నడుచుకుంటూ షెడ్డుకి తిరిగొచ్చాడు.

"ఏమైంది మరిదీ?"

"ఏం లేదు వదినా. పరిశోధనన్నాక అన్ని కోణాలూ చూడాలి కదా. బండి తాగింది పోగా మీరేమైనా తీశారా బాబాయ్ అని అడిగాను."

"అందుకని బాబాయ్ దింపేశాడా?"

"ఆయనేమీ అనలేదు," అన్నాడు భూతద్దం మసి తుడుచుకుంటూ. "యజమానే మెడపట్టి దింపేశాడు."