రాహుకాలంలో నిద్రపోయిన కంప్యూటర్

శుక్రవారం పొద్దున్నే నాగేంద్రబాబు నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. రాజోలు నెట్ సెంటర్లో జ్యోతిలక్ష్మి కూర్చుంటుంది, కువైట్ అబూ హలీఫాలో ఇతను కూర్చుంటాడు, పెళ్ళిచూపులు అయిపోతాయి. కుదిరితే వచ్చే నెల సెలవులో పెళ్ళి. ఈ సంబంధం తప్పితే మళ్ళీ సెలవు రెండేళ్ళకి గాని రాదు. అప్పటికి నెత్తిమీద జుట్టు ఎంత మిగులుతుందో ఎవరూ పూచీ పడలేరు.

సంబంధం తెచ్చిన సోమేశ్వరరావు అదే గదిలో ఉంటాడు. కుర్రవాడు మేనేజరనీ, ఫ్లాట్‌లో ఒక్కడే ఉంటాడనీ అటువాళ్ళకి చెప్పి ఉంచాడు. నిజానికి నాగేంద్రబాబు సులైబియా గోదాములో ఉల్లిపాయ బస్తాలు దింపిస్తాడు, గదిలో ఆరుగురు పడుకుంటారు. అందుకని మంచాలు కనపడకుండా కుర్చీ వెనక పూల దుప్పటి పట్టుకుని నిలబడే పని జగిత్యాల శ్రీపతికి అప్పగించారు.

కాల్ కలిసీ కలవగానే పిల్ల తండ్రి, "రాహుకాలం ఉందండి, కాసేపాగి మాట్లాడుకుందామండి," అని పెట్టేశాడు. కువైట్‌లో రాహుకాలం ఇంకా మొదలే కాలేదు. కానీ పిల్లనిచ్చేవాడి గడియారమే గడియారం.

"ఎవరూ దాన్ని ముట్టుకోకండి, అంతా కుదిరింది," అని సోమేశ్వరరావు ఆజ్ఞ వేశాడు. ఎవరూ ముట్టుకోకపోవడంతో కంప్యూటర్ స్టాండ్‌బైలోకి వెళ్ళి హాయిగా నిద్రపోయింది.

లేపితే లేచింది. కాల్ కూడా మళ్ళీ కలిసింది. కానీ కెమెరా, స్పీకర్లు తగిలించిన యూఎస్‌బీ డబ్బా మాత్రం లేవలేదు. తెరమీద అటువాళ్ళ నోళ్ళు కదులుతున్నాయి, మాట రావడం లేదు. మాట రావడం లేదంటే పోవడం కూడా లేదని ఇక్కడివాళ్ళు తీర్మానించుకున్నారు. మైకు ఆ డబ్బాకి కాక నేరుగా కంప్యూటర్‌కే ఉందన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

"వైరు పీకి పెట్టరా," అన్నాడు సోమేశ్వరరావు.

"పీకానండీ బాబూ. లైటు రావట్లేదు," అన్నాడు నాగేంద్రబాబు.

"అన్నా, చేతులు గుంజుతున్నయ్. దుప్పటి దించాల్నా?" అన్నాడు శ్రీపతి.

"దించావంటే మంచాలన్నీ కనపడిపోతాయి. మేనేజరు గారి ఫ్లాటని చెప్పి చచ్చాను."

నాగేంద్రబాబుకి ఒళ్ళు మండింది. "చెప్పమన్నదెవరండి మిమ్మల్ని? ఎంత సబ్బు రుద్దినా ఉల్లిపాయ కంపు పోట్లేదు. రేపు ఆ పిల్లకి తెలీదేంటండి?"

"అది రేపు కదరా. ఇటు చూడు, అమ్మాయి తలెత్తింది. నచ్చినట్టున్నావు."

కెమెరా లేని మనిషి ఎలా నచ్చుతాడని ఎవరూ అడగలేదు. నాగేంద్రబాబు కూడా అడగలేదు, పైగా కాలరు సర్దుకున్నాడు.

చివరికి డబ్బా వైరుని కంప్యూటర్ వెనక కన్నంలో పెట్టి చూద్దామని బల్ల జరపబోయారు. బల్ల కదల్లేదు. "యల్లా, రా రా, నువ్వూ ఓ చెయ్యి వెయ్యి," అని సోమేశ్వరరావు పిలిచేసరికి శ్రీపతి దుప్పటి వదిలేసి రెండు చేతులూ వేశాడు. ఆ కుదుపుకి డబ్బా అదే క్షణంలో మేలుకుంది. కెమెరా లైటు వెలిగింది. ఒకదానిమీద ఒకటి వేసిన మంచాలూ, తాడుమీద లుంగీలూ, అడుగంటిన అన్నం గిన్నే రాజోలు చేరాయి. ఆ వెనకే స్పీకర్లూ లేచాయి.

"మాకు ఇందాకట్నుంచీ అంతా వినపడతానే ఉందండి," అన్నాడు పిల్ల తండ్రి. పక్కన జ్యోతిలక్ష్మి కుర్చీ ఖాళీగా ఉంది. "అమ్మాయి వద్దనేసిందండి."

నాగేంద్రబాబు తల దించుకున్నాడు. సిగ్గుకంటే కోపమే ఎక్కువగా ఉంది, అది ఎవరిమీదో తేల్చుకోలేకపోయాడు. బస్తాలు దింపిస్తానని ముందే చెప్పి ఉంటే ఆ పిల్ల ఏమనేదో ఇక ఎన్నటికీ తెలియదు. కట్టేయబోతుంటే అటునుంచి పిల్ల తండ్రి గొంతు సవరించుకున్నాడు.

"ఒక్క మాటండి. మా అబ్బాయికి వీసా వచ్చిందండి, వచ్చే వారం ప్రయాణం. ఆ రెండు మంచాల మధ్య ఓ పరుపు పడుతుందనుకుంటానండి. కాస్త చూస్తారేంటి?"

చెప్పినట్టే మరుసటి వారం ఆ అబ్బాయి గదిలో దిగాడు. దిగిన రోజునుంచీ నాగేంద్రబాబును 'బావగారూ' అనే పిలుస్తున్నాడు. కోనసీమలో ముక్కూమొహం తెలియనివాణ్ణి కూడా అలాగే పిలుస్తారు.