నోవహు ఓడకు కొత్త వ్యాఖ్యాత

ఆ ఉదయం నిఘంటువుగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. నోవహు ఓడ పేజీ ముగించి, ఆచార్యులవారు చూసేలోగా వెబ్‌సైటులో పెట్టేయాలి. 'నిఘంటువుగారు' అన్నది వీధివాళ్ళు తగిలించిన పేరు. కోర్టులో అనువాదకుడిగా చేసి రిటైరయ్యాక ఆయనకు హీబ్రూ పిచ్చి పట్టుకుంది. హీబ్రూ లేఖనాల్లో ఒక్కో మాటనూ ఒక్కో గడిలో పెట్టి, దాని కింద తెలుగు అర్థం, ఆ కింద పాత పండితుల వ్యాఖ్యలు, చిట్టచివర తన వ్యాఖ్య. ఎవరైనా ఉచితంగా చదవొచ్చు, పేరు వేయకుండా తమ వ్యాఖ్యా రాయొచ్చు. నియమం మాత్రం ఒకటుంది, అదీ ఆయన పెట్టిందే. ఎక్కిన వ్యాఖ్యను ఎవరూ చెరపకూడదు. నచ్చకపోతే దాని కింద ఇంకోటి రాయాలి. పాత పండితులు అలాగే పోట్లాడుకున్నారట.

హీబ్రూ నేర్పిన ఆచార్యులవారు ఆ రోజే ఏ సంగతో తేల్చేస్తానన్నారు. ఆయన సరేనంటే కళాశాల గ్రంథాలయం ఈ పని మొత్తాన్నీ తన చేతుల్లోకి తీసుకుంటుంది. కాదంటే నిఘంటువుగారి తర్వాత దీనికి దిక్కుండదు. ఇన్నేళ్ళ కష్టం గాలికి పోతుందేమోనని పొద్దున్నుంచీ ఆయన భయం.

టైపు చేయడం చేతకాదు గనక ఆయన నోటితో చెబితే ఫోనే రాసుకునేది. సిగ్నల్ దొరికేది వంటింటి కిటికీ దగ్గర ఒక్కచోటే. ఓడకు లోపలా బయటా పూత పూయాలన్న మాట దగ్గరకొచ్చి, ఫోను ఆన్ చేసి, గొంతు సవరించుకున్నాక కళ్ళజోడు లేదని గుర్తొచ్చింది. ఫోను అక్కడే వదిలి గదిలోకి పరిగెత్తారు. సరిగ్గా అప్పుడే ఆయన భార్య, నీళ్ళ తొట్టి బాగుచేయడానికొచ్చిన మేస్త్రిని కిటికీలోంచే నిలదీశారు.

కళ్ళజోడు దొరకలేదు. తిరిగొచ్చి చూస్తే గడి నిండా మసకమసకగా అక్షరాలు.

"అరె, చెప్పేసినట్టున్నానే!" అని మురిసిపోయి మీట నొక్కేశారు.

కళ్ళజోడు దొరికేసరికి వ్యాఖ్య లోకమంతా చుట్టేసింది: "మేస్త్రీ, పోయినసారి బయట ఒక్కటే పూసి చేతులు దులుపుకున్నావు. లోపల నెర్రె పెట్టుకుని బయట ఎంత పూస్తే ఏం లాభం? ఈసారి దగ్గరుండి చేయించు, లేకపోతే ఇల్లంతా వరదే!"

అప్పటికే పాఠకులు రంగంలోకి దిగారు. నోవహును మేస్త్రీ అని పిలిచిన ఈ వ్యాఖ్యాతది ఏ శతాబ్దమని ఒకరు అడిగారు. 'పోయినసారి' అన్నారు కాబట్టి అంతకుముందూ ఒక జలప్రళయం వచ్చి ఉండాలని ఇంకొకరు తేల్చారు. లోపలి నెర్రె మనసుకు సంబంధించిందనీ, ఆదివారం దీనిమీదే ప్రసంగిస్తాననీ ఒక పాస్టరుగారు రాశారు.

చెరపడానికి తన నియమమే అడ్డం. నిఘంటువుగారు కింద ఇలా రాశారు: "పై వ్యాఖ్యను పట్టించుకోవద్దు."

అంతే, రెండో వ్యాఖ్యాత మొదటివాణ్ణి ఖండించాడంటూ పాఠకులు రెండు వర్గాలయ్యారు. "అది మా ఇంటి తొట్టి సంగతి" అని మళ్ళీ రాశారు. 'ఇల్లు' అంటే ఈ ప్రపంచమేనని ఇరువర్గాలూ ఒప్పుకున్నాయి. తొట్టి అంటే ఏమిటన్న దగ్గర మళ్ళీ చెడింది.

ఫోను మోగింది. "నేనే వస్తున్నా," అన్నారు ఆచార్యులవారు. ఫోను పెట్టేశారు.

ఆయన వచ్చి కూర్చోగానే నిఘంటువుగారు నిలబడే జరిగిందంతా చెప్పేశారు. ఆచార్యులవారు నవ్వలేదు.

"మీ వ్యాఖ్యలన్నీ చదివానండీ. తప్పు పట్టడానికి ఒక్కటీ లేదు. కానీ ఇన్నాళ్ళలో వాటిమీద ఎవరైనా ఒక్క ప్రశ్న అడిగారా?"

లేదని నిఘంటువుగారికి తెలుసు. ఆ నిజం ఇంకొకరి నోట వినేసరికి ఆయనకు చాలా బాధేసింది.

అంతలో మంచినీళ్ళు తెచ్చిన భార్య ఆగిపోయారు. "ఏమండీ, ఎప్పట్నుంచో అడగాలనుకుంటున్నా. అంత ఓడకీ ఒకటే కిటికీనా? అన్ని జంతువుల మధ్య ఊపిరాడొద్దూ?"

ఆచార్యులవారు కుర్చీలో ముందుకు జరిగారు. "అది కిటికీయో కాదో పండితులకే తేలలేదమ్మా. వెలుగిచ్చే రాయి అన్నవాళ్ళూ ఉన్నారు."

"రాయా? రాయి వెలుగెలా ఇస్తుందండీ?"

"ఓడ పొడవెంతండీ?" అని తొట్టిలోంచి మేస్త్రి కేకేశాడు.

గంట గడిచినా ముగ్గురూ ఓడ దిగలేదు. నిఘంటువుగారు పుస్తకాలు మోసుకొస్తూ, పేజీలు తిప్పుతూ, తన పనిని ఇంత ఆత్రంగా వినేవాళ్ళను తొలిసారి చూస్తూ, తొట్టి సంగతే మరిచిపోయారు.

వెళ్తూ వెళ్తూ ఆచార్యులవారు గుమ్మంలో ఆగారు. "గ్రంథాలయం తీసుకుంటుందండీ. ఒక్క షరతు. ప్రతి పేజీలోనూ ముందు అమ్మగారి ప్రశ్న ఉండాలి, దాని కింద మీ జవాబు."

"నాకు తీరికున్నప్పుడే అడుగుతా," అన్నారు అమ్మగారు.

ఆవిడ అడగడం, ఆయన జవాబు చెప్పుకోవడం, పెళ్ళయిన నాటినుంచీ ఆ ఇంట్లో జరుగుతున్నది అదే. ఇప్పుడది అందరికీ ఉచితంగా దొరుకుతోంది, అంతే తేడా.