వానాకాలం రద్దయిన దీవి

కో తక్రై దీవిలో వానాకాలం రద్దయింది!

ఈ మహత్తర నిర్ణయాన్ని గ్రామపెద్ద విచియన్ రేవులో మోకాలి లోతు నీళ్ళలో నిలబడి మైకులో ప్రకటించాడు. ఆయన నెత్తిన ఇద్దరు మనుషులు టార్పాలిన్ పట్టుకున్నారు.

"రేపు రాజధాని నుంచి అధికారి వస్తున్నారు! ఏడాది పొడుగునా మన దీవికి విహారయాత్రికులు వస్తారని ఆయన రాసుకుపోతే ఇక రిసార్టు ఎప్పుడూ మూతపడదు. వాన అన్న మాట ఎవరి నోటా రాకూడదు. గొడుగులన్నీ మా ఇంట్లో అప్పగించండి!"

"మరి యాత్రికులేరీ, పెద్దయ్యా?" అని గుంపులోంచి ఎవరో అడిగారు.

"మీరే!"

గుంపులో ఉన్న చమోయ్ అందరికంటే ముందు తన గొడుగు అప్పగించేసింది. ఆమె మొగుడు సవాంగ్ ఆ రిసార్టులో వంటవాడు. ఏటా నైరుతి గాలి మొదలవగానే రిసార్టుకు తాళం పడేది. ఆయన పెట్టె సర్దుకుని, అవతలి ఒడ్డున ఏదో హోటల్లో అంట్లు తోమడానికి పోయేవాడు. పెళ్ళయిన నాటి నుంచీ ఆమెకు ప్రతి వానాకాలమూ రేవులో చెయ్యి ఊపడంతోనే మొదలయ్యేది. ఆయన తిరిగొస్తాడో రాడోనని తలచుకుని ఆమె నిద్రపోయేది కాదు. పోయినేడు వచ్చాడు గాని, దగ్గు వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఈసారి నిన్ను పడవ ఎక్కనివ్వను" అంది మొగుడితో. "దానికోసం నన్ను మహారాణిని అని చెప్పమన్నా చెబుతాను."

మహారాణి పదవి ఖాళీ లేదు. ఆమెకు జర్మనీ కేటాయించారు. చేపలు పట్టే అన్నదమ్ములకు ఫ్రాన్సు వచ్చింది. గుడిలో భిక్షువు అబద్ధమాడనన్నాడు కనక, ఆయన్ని ఆ పూటకు మౌనవ్రతంలో కూర్చోబెట్టారు.

మర్నాడు చమోయ్ పూల చొక్కా వేసుకుని, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, ఇసుకలో వాలుకుర్చీ మీద పడుకుంది. చేతిలో కొబ్బరిబోండం. ఎంత తాగినా అందులో నీళ్ళు తరగడం లేదు! పైనుంచి నిండుతూనే ఉన్నాయి.

అధికారి నరోంగ్ వచ్చి ఆమె ముందు ఆగాడు. "ఏ దేశమమ్మా?"

"జర్మనీ అండయ్యా."

"మన భాష ఇంత చక్కగా ఎలా అబ్బింది?"

"ఊరికే ఎండలో పడుకుని ఉంటే అదే అబ్బిందండీ."

"ఇక్కడ నీకు బాగా నచ్చిందేమిటి?"

"ఎండ!" అంది చమోయ్. ముక్కు కొస నుంచి చుక్కలు కారుతున్నాయి.

అధికారికీ పైనుంచి ఆజ్ఞలున్నాయి. ఈ ఏడు ఎండ కాయాలని రాజధానిలో ముందే తీర్మానించారు. "నిజమే! చూడు, నాకెంత చెమట పట్టిందో!" అని రుమాలు పిండాడు. అరచెంబెడు చెమట కారింది.

సాయంత్రం సభ పెట్టారు. అధికారి లేచాడు.

"ఈ కాలంలో కూడా ఇంత జనమా! నా కళ్ళు చెమర్చాయి. కాని పాపం, మన సముద్రానికి విశ్రాంతి ఏది? పగడాలు ఊపిరి పీల్చుకునేదెప్పుడు? అందుకని రేపటి నుంచి దీవి మూసివేస్తున్నాం. యాత్రికులంతా పొద్దున్నే నాతోపాటు పడవ ఎక్కాలి. కాపలాకి వంటవాడొక్కడు ఉంటే చాలు."

విచియన్ అలవాటు కొద్దీ ముందు చప్పట్లు కొట్టాడు. తరవాత అర్థమైంది. "అయ్యా! వీళ్ళు యాత్రికులు కారు, మా ఊరివాళ్ళే!"

"అయితే నువ్వు నాకు అబద్ధం చెప్పావా?"

"అబ్బెబ్బే! ఎంతమాట! అందరూ పరదేశీలే!"

తెల్లారింది. ఊరు ఊరంతా పడవలోకి ఎక్కింది. చమోయ్ వెనక్కి తిరిగి చూసింది. ఎన్నో ఏళ్ళుగా ఆమె నిలబడే చోట ఈసారి సవాంగ్ నిలబడి ఉన్నాడు. దగ్గుతూ చెయ్యి ఊపుతున్నాడు. ఆయన ఉండిపోయాడు! ఆమె కోరుకున్నది అక్షరాలా జరిగింది!

"అన్నం టయానికి తిను" అని అరిచాడాయన. అది ఏటా ఆమె అరిచే మాట.

అలలు పడవను రేవు గోడకేసి బాదుతున్నాయి. అధికారి మాత్రం గట్టు దిగలేదు.

"అయ్యగారూ, మీరెక్కరేం?" అంది చమోయ్.

"మీరు పదండి. నేను... ఈ ఎండ కాస్త తగ్గాక వస్తాను."

చమోయ్ నల్లకళ్ళద్దాలు తీసింది. ఆయన్ని చూసింది, సముద్రాన్ని చూసింది.

"మీకే పడని ఎండ జర్మనీవాళ్ళకు పడుతుందా అయ్యా? వడదెబ్బ తగిలి చస్తాం!" అంటూ పడవ దిగింది. వెనకే ఫ్రాన్సు దిగింది. ఆ వెనక మిగిలిన ప్రపంచమంతా దిగింది. కాదనాలంటే అధికారి వాన అనాలి. ఆయన అనలేదు.

ఎండ వారాల తరబడి తగ్గలేదు. అంతటి అతిథి ఉండగా రిసార్టును మూసేదెవరు? సవాంగ్ పొయ్యి మీద చేపల పులుసు ఉడుకుతోంది. పక్కన పీట వేసుకుని చమోయ్ వెల్లుల్లి ఒలుస్తోంది.

"ఏమోయ్! గదిలో కప్పు కారిపోతోంది! మంచమంతా తడిసిపోయింది!" అని అధికారి పైనుంచి కేక వేశాడు.

చమోయ్ చెయ్యి తుడుచుకుని, నల్లకళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది.

"కంగారు పడకండయ్యా! కప్పుకి చెమట పట్టి ఉంటుంది."