నాలుగొందల ముల్లు

విమానయాన శాఖ మంత్రిగారు గంటకు నాలుగొందల కిలోమీటర్ల వేగంతో ప్రజల మధ్యకు దిగివచ్చారని ప్రభుత్వం సగర్వంగా ప్రకటించింది. దిగివచ్చింది మోటారు గ్లైడర్‌లో. దిగింది క్యాబేజీ తోటలో. అంత వేగాన్ని అదుపు చెయ్యలేని పైలట్‌కి లైసెన్సు ఉంచాలా, ఊడబీకాలా తేల్చమని ఒక విచారణాధికారిని నియమించారు.

పైలట్ ఆ అధికారికి స్వయానా బావమరిది. ఈ సంగతి శాఖలో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

మోటారు గ్లైడర్ అంటే పొడుగాటి రెక్కలకి చిన్న ఇంజిను తగిలించిన బండి. ఇంజిను ఆగినా గాలిమీద తేలుతూ నిమ్మళంగా దిగుతుంది. దాన్ని రెండొందలు దాటించాలంటే ముందు రెక్కల్ని ఒప్పించుకోవాలి.

"నాలుగొందలేంటి బావా, నూరు కూడా లేదు," అన్నాడు బావమరిది, అక్క వడ్డించిన కంచం ముందు దిగాలుగా కూర్చుని. "ఆయన నా పక్కనే కూర్చున్నాడు. ఇంజిను స్విచ్చిని కాలింగ్ బెల్ అనుకుని నొక్కాడు. ఇంజిను ఆగింది. బంట్రోతు రాలేదని ఆయనకి ఒకటే కోపం."

తోట యజమానురాలి సాక్ష్యం అధికారిని ఇంకా ఇరకాటంలో పెట్టింది. బండి తూలుతూ గాలిపటంలా వస్తుంటే ఆవిడ మేకని విప్పి అవతల కట్టేసిందట. ఈలోగా మంత్రిగారు కిటికీ అద్దం జరిపి, చెయ్యి ఊపి, బాగున్నావామ్మా అని పలకరించారట. ఏం బాగు, గొట్టంలో నీళ్లు రావడం లేదని ఆవిడ మొరపెట్టుకుందట. కనుక్కుంటానని మాటిచ్చాకే ఆయన నేల మీద వాలారట.

నాలుగొందల వేగంలో ఇన్ని మాటలు పడతాయా అని అధికారి పరిపరివిధాల ఆలోచించాడు. వేగం సంగతి అలా ఉంచి, మంత్రిగారు ఒక ఫిర్యాదుని చివరిదాకా విన్నారంటే ఎవరూ నమ్మరని ఆ సాక్ష్యాన్ని పక్కన పెట్టేశాడు.

మంత్రిగారు సత్యసంధులు. ముల్లు నాలుగొందల మీద ఉండగా కళ్లారా చూశానని, నేల దగ్గరపడేకొద్దీ అది తగ్గుతూ వచ్చి, బండి వాలగానే సున్నాకి చేరిందని పూసగుచ్చినట్టు చెప్పారు.

"అయ్యా, అది ఎత్తు చూపించే ముల్లండీ," అన్నాడు అధికారి గొంతు తగ్గించి. "నాలుగొందల మీటర్లు."

"ఎవరి ముందుంది?"

"తమరి ముందేనండి."

"నా ముందు నాకు తెలియని ముల్లు పెడతారా?" అని మంత్రిగారు ఆప్యాయంగా నవ్వారు. "అయితే వేగం కారణం కాదంటావు. ఇంకేదైనా కారణం దొరికిందా?"

అలా అడుగుతూనే బల్లమీది కాలింగ్ బెల్ మీద చెయ్యి వేశారు. అధికారి ఆ చేతి వైపు చూశాడు. దొరకలేదన్నాడు.

రాసి, కొట్టేసి, మళ్లీ రాసి, బావమరిది లైసెన్సూ తన కుర్చీ రెండూ దక్కేలా ఆయన ఒక నివేదిక తయారు చేశాడు. మోటారు గ్లైడర్ నాలుగొందల వేగం అందుకుందన్నది పూర్తిగా నమ్మదగిన విషయమే. అందులో సగం ఇంజినుది, మిగతా సగం మంత్రిగారి ప్రజాసేవాతపన వల్ల పుట్టిన అదనపు ఊపు. అంత ఊపులోనూ బండి మీద గీత పడకుండా దింపిన పైలట్ అభినందనీయుడు.

మంత్రిగారు పొంగిపోయారు. లైసెన్సు నిలిచింది. ఇంట్లో అక్క ముఖాన చాన్నాళ్లకి నవ్వు కనిపించింది.

వారం తిరక్కుండానే బావమరిది కొత్త టోపీ పెట్టుకుని వచ్చాడు. మొహం మాత్రం పాతదే.

"ప్రమోషన్ ఇచ్చారు బావా. ఆదివారం మైదానంలో జనం ముందు మళ్లీ నాలుగొందలు తోలి చూపించాలట."

"రెక్కలు ఊడొస్తాయని చెప్పలేకపోయావా?"

"చెప్పాను. నమ్మదగినదేనని మీ బావే తేల్చాడు కదా అన్నారు. నా పక్క సీటు నీకే ఇచ్చారు."

అధికారి తన నివేదిక నకలు తీసి మళ్లీ చదివాడు. తర్వాత ఉన్నట్టుండి ఆయన ముఖం వికసించింది.

"మరి ఊపు? సగం వేగం మంత్రిగారి ఊపే కదరా. ఆయన ఎక్కకపోతే బండి ఎలా కదులుతుంది?"

"అదీ అడిగాను బావా," అన్నాడు బావమరిది టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని. "ఊపు కింద నుంచి పంపిస్తారట."