పొగగొట్టంలో కందిరీగ

రామకోటేశ్వరరావు ఆ శనివారానికి వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే, లోపలే పడుకోడానికి మంచాలున్న తన పాత మోటార్‌హోమ్‌ని ఆటోనగర్ తీసుకెళ్ళడం, అందులో ఉన్న రెండు ప్రొపేన్ గ్యాస్ హీటర్లనూ విప్పించి మసి దులిపించి మళ్ళీ బిగించడం, సాయంత్రానికి డాక్టరుగారి కుటుంబాన్ని ఎక్కించుకుని లంబసింగి చలికి బయల్దేరడం. బెజవాడ ఎండల్లో హీటరేమిటయ్యా అని నవ్విన ప్రతివాడికీ లంబసింగి మంచు గురించి చెప్పి చెప్పి ఆయన నోరు నొప్పెట్టింది. ఆ డాక్టరుగారైతే హీటర్లు ఉన్నాయనే ఈ బండి మాట్లాడుకున్నాడు.

బండి కొని అద్దెకి తిప్పడం మొదలెట్టాక ఇదే మొదటి ట్రిప్పు. జరిగి తీరాలి. ఇరవై ఏళ్ళపాటు హనుమాన్ జంక్షన్‌లో భార్య అన్నగారు వెంకటకృష్ణారావు ఎరువుల కొట్లో కూర్చుని, "మా బావ బస్తాలు లెక్కెట్టడానికి తప్ప దేనికీ పనికిరాడు" అని రైతుల ముందు అనిపించుకున్న మనిషి ఆయన. గుడివాడ అంతోని దగ్గర ఈ బండి కొన్న రోజున ఆ బావగారు పగలబడి నవ్వాడు. "శనివారం ట్రిప్పు వెళ్తే సరే. లేదంటే సోమవారం కొట్టుకి వచ్చెయ్ బావా. నీ కుర్చీ ఎక్కడికీ పోదు" అన్నాడు. ఆ కుర్చీ తలుచుకుంటే చాలు, రామకోటేశ్వరరావుకి ఒళ్ళు మండుకొచ్చేది.

మెకానిక్ బాలశౌరి ముందువైపు హీటరు విప్పి, బర్నరు శుభ్రం చేసి, చకచకా బిగించేశాడు. వెనక మంచం కింది హీటరు దగ్గరికొచ్చి పొగగొట్టంలోకి టార్చి వేశాడు. గొట్టం మూతికి అడ్డంగా, బండి రేకుని కూడా కలుపుకుని, కందిరీగ మట్టిగూడు కట్టి ఉంది. బాలశౌరి స్క్రూడ్రైవరు ఎత్తాడు.

"ఆగు బాబూ, ముట్టుకోకు!"

కేక పెట్టింది శివపార్వతి. మొదటి ట్రిప్పు కదా, బండికి కొబ్బరికాయ కొడదామని భర్త వెంట వచ్చింది.

"ఇది తియ్యకపోతే పొగ బయటికి పోదమ్మా. లోపల పడుకున్నోళ్ళు పడుకున్నట్టే పోతారు" అన్నాడు బాలశౌరి.

"కందిరీగ ఇంట్లో గూడు కట్టిందంటే ఆ ఇంట్లో కడుపు పండుతుంది. మా కోడలికి పెళ్ళయి ఆరేళ్ళు. పగలగొడితే ఊరుకుంటానా?"

"ఇంట్లో కడితే కదే! ఇది బండి" అన్నాడు రామకోటేశ్వరరావు.

"మొన్న ఊరందరికీ 'ఇది కదిలే ఇల్లు' అని చెప్పిందెవరండీ?"

రామకోటేశ్వరరావు మెకానిక్ వైపు తిరిగాడు. గూడు చెదరకుండా హీటరు లాగగలవా అని బాలశౌరిని బతిమాలాడు. లాగితే పెళ్ళలు ఊడిపోతాయన్నాడు బాలశౌరి. ఈలోగా శివపార్వతి గూడుని ఫోటో తీసి, "మా ఇంట శుభం" అని రాసి చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది. పెట్టినావిడ ఊరుకోవచ్చుగా, పక్కన కోడలు ఉషశ్రీ పేరు కూడా చేర్చింది.

ఇక చూడండి. మచిలీపట్నం పిన్నిగారు శుభాకాంక్షలు చెప్పింది. ఆవిడ చెప్పింది కాబట్టి నిజమేననుకుని ఇంకొకావిడ ఎన్నో నెల అని అడిగింది. మరొకరు సున్నుండలు పంపుతున్నామన్నారు. వెంకటకృష్ణారావు ఉయ్యాల బొమ్మ పెట్టి, కింద "తాతయ్య ఇక ఊళ్ళు తిరగడం మానాలి" అని రాశాడు. రామకోటేశ్వరరావు అది చదివి పళ్ళు కొరుక్కున్నాడు.

మధ్యాహ్నం దాటాక ఆటో దిగింది ఉషశ్రీ. బెంజ్ సర్కిల్ దగ్గర ఆఫీసు నుంచి నేరుగా వచ్చింది. మొహం జేవురించి ఉంది.

"కబురు ఆఫీసుదాకా పాకింది. సెలవు ఎప్పట్నుంచి కావాలని మా మేనేజర్ అడుగుతున్నాడు అత్తయ్యా. కన్నతల్లికి చెప్పకుండా ఊరందరికీ చెప్పావా అని మా అమ్మ ఏడుస్తోంది. ఇప్పుడు ఒక్కొక్కళ్ళకీ ఫోన్ చేసి లేదు లేదు అని నేను చెప్పుకోవాలా?"

"మంచి జరుగుతుందనే కదమ్మా..."

"ఆరేళ్ళుగా ఎన్ని సూదులు పొడిపించుకున్నానో మీకు తెలీదా? ఇంక ఈ పురుగొక్కటే మిగిలిందా?"

బాలశౌరి చేతిలోంచి స్క్రూడ్రైవరు లాక్కుని, గూడుని ఒక్క పోటు పొడిచింది. మట్టి పెళ్ళలు జలజలా నేల రాలాయి. లోపల పురుగూ లేదు, పిల్లా లేదు.

"పాత గూడండీ. అంతోనిగారి దగ్గరున్నప్పుడే ఎగిరిపోయుంటాయి" అన్నాడు బాలశౌరి.

ఉషశ్రీ వంగి ఒక పెళ్ళ చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. "ఖాళీదేనా?" అని అడిగింది, చాలా మెల్లగా. శివపార్వతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

రామకోటేశ్వరరావు భార్య చేతికి తన జేబురుమాలు ఇచ్చాడు. కానీ హీటరు బిగించి అంటించగానే నీలం మంట నిలకడగా వెలిగేసరికి ఆయన ప్రాణం లేచొచ్చింది. కాస్త ఆలస్యమైనా బండి డాక్టరుగారి గుమ్మం ముందు ఆగింది. పెట్టెలూ స్వెట్టర్లూ సిద్ధంగా ఉన్నాయి. డాక్టరుగారూ, ఆయన భార్యా, కొత్తగా పెళ్ళయిన కూతురు అక్షయా, అల్లుడూ మెట్ల మీద నిలబడి ఉన్నారు.

"ఇంతసేపు చేశారేమిటండీ?" అంది డాక్టరుగారి భార్య.

ఏ టైరో పంక్చరయిందంటే పోయేది. అబద్ధమాడటం చేతకాని మనిషి. "హీటరు గొట్టంలో కందిరీగ గూడుందమ్మా. పగలగొట్టించి, శుభ్రం చేయించి మరీ తెచ్చాను" అన్నాడు గర్వంగా.

ఆవిడ మొహం మాడిపోయింది. మొదటి మెట్టు దిగిన కూతురి చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

"గూడు పగలగొట్టిన బండిలో కొత్త దంపతుల్ని ఎక్కిస్తామా? వద్దండీ, వేరే కారు మాట్లాడుకుంటాం."

రామకోటేశ్వరరావు ఆశగా డాక్టరుగారి వైపు తిరిగాడు.

"నేనిలాంటివి నమ్మనండీ" అంటూ డాక్టరుగారు రెండు పెట్టెలూ పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

సోమవారం పొద్దున్న బస్టాండులో ఉండగా అంతోని నుంచి ఫోనొచ్చింది.

"రామకోటేశ్వరరావు గారూ, శుభవార్తండీ! మా కోడలికి కవలలు పుట్టారు. బండి మా ఇంటి ముందున్నప్పుడే నెల తప్పింది. ఎంత కలిసొచ్చిన బండో, మీకు అమ్మేశాను!"

చాలా సంతోషమని చెప్పి రామకోటేశ్వరరావు ఫోన్ పెట్టేశాడు. హనుమాన్ జంక్షన్ బస్సులో ఆయనకి కిటికీ పక్కనే సీటు దొరికింది.